మా కుక్క పుట్టువెంట్రుకలు

మా ఇంట్లో ఉండేది నలుగురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు, కుక్క. జుట్టుని బట్టి జనాభా లెక్క కట్టేవాళ్లెవరైనా వస్తే మాత్రం మేం నాలుగు వందల మందిమని రాసుకుపోతారు. అందులో మూడు వందల తొంభై ఏడు మంది కుక్క తరఫువాళ్లే. నా తరఫున ఒక్కడు కూడా ఉన్నాడో లేడో అన్నది నా నడినెత్తిని చూసి ఎవరికి వారు తేల్చుకోవలసిందే.

తెల్లటి కుక్క. పమేరియన్ అని చెప్పి ఇచ్చారు, మేమూ అలాగే నమ్మాం. ఎండలు మొదలయ్యాయంటే వాడి ఒంటి మీంచి రాలే బొచ్చుతో వీధి మొత్తానికీ పరుపులు కుట్టించవచ్చు. పెరుగులో వెంట్రుక, పప్పులో వెంట్రుక, కళ్లజోడు పెట్టెలో వెంట్రుక. ఒకసారి సీలు తీయని కందిపొడి సీసాలో కూడా కనిపించింది. మూత ఎలా దాటిందో భగవంతుడికే తెలియాలి. మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన నా నల్ల ప్యాంటుని రెండు వేళ్లతో పైకెత్తి చూసి, "ఉన్ని బట్టలకి నా పెట్టె వేడెక్కువైపోద్దండీ" అని వెనక్కి ఇచ్చేశాడు. అది మామూలు కాటన్ ప్యాంటు.

పైగా బెజవాడ ఎండ. ఏప్రిల్ దాటితే మా డాబా పిట్టగోడ మీద వాలిన కాకి రెండు కాళ్లూ ఒకేసారి ఆనించదు. ఒకటి చల్లారేదాకా రెండోదాని మీద నిలబడుతుంది. అలాంటి ఎండలో ఆ బొచ్చు కోటు తొడుక్కుని బాత్‌రూమ్ గచ్చు మీద పడుకుని రొప్పుతున్న కుక్కని చూసి అపార్ట్‌మెంటంతా ఒకే మాట అంది.

"గుండు కొట్టించెయ్యండి సార్, హాయిగా ఉంటది" అన్నాడు వాచ్‌మన్.

"సమ్మర్ కట్ అంటారండీ దాన్ని. మా తమ్ముడివాళ్లు రెండు కుక్కలకీ చేయించారు" అన్నారు మూడో అంతస్తు మాస్టారు.

పాలాయన కుక్క వంకా నా నెత్తి వంకా మార్చి మార్చి చూసి నవ్వుకుంటూ పోయాడు.

ఇన్ని ఓట్లకి తోడు మా అత్తగారి మొక్కు ఒకటి ఉంది. అసలు సంగతి అదే.

ఈ కుక్క మూడు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు పామర్రు నుంచి మా దగ్గరికి వచ్చేసి అప్పటికి ఏడాది. కుక్కని చూడగానే, "అది లోపలికొస్తే నేను బయటికెళ్తా" అని ప్రకటించారు. అది లోపలికి వచ్చింది. ఆవిడ బయటికి వెళ్లలేదు గానీ, మడతమంచాన్ని వరండాలోకి జరిపించుకుని అక్కడి నుంచే మూడు వారాలు నిరసన సాగించారు. నాలుగో వారం పిల్లకి పార్వో జబ్బు పట్టుకుంది. వాంతులు, విరేచనాలు, నా బొటనవేలంత కాలికి సెలైన్ సూది. డాక్టరు, "చూద్దామండీ" అన్నాడు. డాక్టర్లు చూద్దామన్నారంటే మనం చూడకూడనిదేదో వాళ్లకి కనిపించిందనే అర్థం. ఆ ఆసుపత్రి బల్ల మీద, తువ్వాలులో చుట్టిన పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఎవరనుకున్నారు? వరండా నిరసనకారులే. కళ్లు మూసుకుని పైకే అనేశారు: "తల్లీ, వీణ్ని బతికించు. మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయిస్తాను."

పిల్ల బతికింది. మడతమంచం లోపలికొచ్చింది. కుక్క మంచమెక్కింది. ఇప్పుడు వాడికి మూడో ఏడు నడుస్తోంది. ఉగాది నాటి నుంచీ అత్తగారు రోజుకోసారి, "అల్లుడుగారూ, వీడి వెంట్రుకల సంగతి" అని గుర్తుచేయడం మొదలుపెట్టారు.

"కుక్కని గుళ్లోకి తీసుకెళ్తే ఊరుకుంటారా అత్తయ్యగారూ?" అన్నాను.

"గుళ్లోకి ఎందుకు తీసుకెళ్తాం బాబూ, నాకామాత్రం తెలీదా? ఇక్కడే గుండు చేయించి, వెంట్రుకలు పసుపుగుడ్డలో మూటగట్టి కృష్ణలో కలుపుదాం. ఆవిడకి అందుతుంది."

అందకపోతే ఏమవుతుందో ఆవిడ అనలేదు. కానీ ఆ రోజుల్లో కుక్క ఒక్కసారి తుమ్మినా సరే, ఆవిడ మొహం తెల్లబోయేది. వాడు అన్నం వదిలేస్తే తనూ వదిలేసేవారు. ఆవిడ లెక్కలో ఈ కుక్క ప్రాణం అరువు మీద నడుస్తోంది, గడువు దగ్గరపడుతోంది.

సరే, పటమటలో కుక్కలకి జుట్టు కత్తిరించే చోటు ఒకటుందంటే ఫోన్ చేసి ఆదివారం పదింటికి టైము తీసుకున్నాను. ఇక చూడండి మా ఇంట్లో హడావుడి. పుట్టువెంట్రుకలంటే మాటలా? ముందురోజు సాయంత్రం అత్తగారు నువ్వులనూనె వెచ్చబెట్టి కుక్కకి మాడు నుంచి తోక దాకా మర్దనా చేశారు. ఆ నూనెతో మా వీధిలో ఇంటింటికీ గారెలు వండవచ్చు. జారిపోతున్న కుక్కని పట్టుకోబోయి నేనూ జారాను, నన్ను పట్టుకోబోయి మా ఆవిడ జారింది. తెల్లారి కుంకుడురసంతో తలంటు. వాడు కళ్లు మండి అరిచిన అరుపుకి కింద పార్కింగులో రెండు కార్ల అలారాలు మోగాయి. "మురికి కుక్కని పంపితే మనల్ని ఏమనుకుంటారు?" అన్నది మా ఆవిడ వాదన. తువ్వాలుతో నాలుగు తుడుపులు తుడిచి, శుభకార్యానికి ఖాళీ కడుపుతో వెళ్లకూడదని పెద్ద గిన్నెడు పెరుగన్నం పెట్టి, తడిజుట్టుతోనే కారెక్కించాం.

బెంజి సర్కిల్ దాటేలోపు ఆ పెరుగన్నం మొత్తం, కారు నడుపుతున్న నా ఒళ్లోకి వచ్చేసింది. గిన్నెలో ఉన్నప్పటికంటే ఎక్కువగా అనిపించింది.

ఆ చోటు చిన్నదే. ముందు గది, అద్దం తలుపు, అద్దానికి అవతల స్టీలు బల్ల, నీళ్ల తొట్టి, ఏనుగు తొండమంత గొట్టమున్న బ్లోయరు. నడిపే అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. మోకాళ్లదాకా రబ్బరు ఏప్రాన్. వస్తూనే టీకాల కార్డు అడిగింది. ఇంతకుముందు ఎవరినైనా కరిచాడా, చర్మం మీద పుళ్లున్నాయా, చెవులు గోక్కుంటాడా, ఫిట్స్ వస్తాయా, ఏ పూట తిన్నాడు అని వరసపెట్టి అడిగింది. నా పెళ్లిచూపుల్లో ఇందులో సగం అడిగి ఉంటే మా ఆవిడకి వేరే సంబంధం దొరికేది.

తరవాత కుక్క వీపు మీద వేళ్లు దూర్చబోయింది. దూరలేదు. వేళ్లు వాసన చూసుకుంది.

"నూనె రాశారా సార్?"

"కొద్దిగానండీ" అన్నాను.

"కుంకుడుకాయతో పోశారా?"

"అదీ కొద్దిగానే."

"దువ్వకుండా పోశారా? ఆరబెట్టలేదా?"

పదో తరగతిలో లెక్కల పేపరు చేతికిస్తూ మా మాస్టారు నా వంక ఎలా చూశారో, అచ్చం అలాగే చూసింది.

"సార్, దువ్వకుండా నీళ్లు పోస్తే చిక్కులు ఇంకా బిగుసుకుపోతాయండీ. కొబ్బరిపీచు తడిపి నులిమితే తాడయిపోద్ది కదా, అలాగ. ముందు మొదలంటా దువ్వాలి, తర్వాతే నీళ్లు. నూనె అసలొద్దు. వీడు నాకేస్తాడు, కడుపు చెడిపోద్ది, దుమ్మంతా అతుక్కుంటది. కుంకుడురసం కళ్లకి మంట. మన షాంపూలు కూడా వీళ్ల చర్మానికి పడవు. కుక్కల షాంపూ వేరే ఉంటది. పోశాక లోపలిదాకా ఆరాలి. మన కృష్ణాజిల్లా గాలికి పైన ఆరినట్టుంటది, లోపల మూడు రోజులు తడే. దాంతో వాసన, దురద, పుళ్లు. తినిపించడం కూడా రెండు మూడు గంటల ముందే, అదీ కాస్తే."

మా ఆవిడ నా ఒడి వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

"అవన్నీ బాగానే ఉన్నాయి అమ్మాయ్" అన్నారు అత్తగారు, పసుపుగుడ్డ బయటికి తీస్తూ. "టైము మంచిది. గుండు కానిచ్చెయ్."

"గుండు చెయ్యనండీ" అంది ఆ అమ్మాయి.

బ్లోయరు ఆగి ఉన్నా నా చెవుల్లో హోరు వినిపించింది. మా అత్తగారి మాటకి 'చెయ్యను' అన్న మనిషి పామర్రు నుంచి బెజవాడ దాకా బస్సు ఆగే ఏ ఊళ్లోనూ లేరు.

"చెయ్యనంటే?"

"ఈ జాతికి చెయ్యకూడదు మామ్మగారూ. ఇది పమేరియన్ కాదు, స్పిట్జ్. ఏదైనా అంతేలెండి, రెండు వరసల జుట్టు. మీదే ఊరు?"

"పామర్రు."

"మాది ఉయ్యూరండీ. ఎండాకాలం ఇంటి ముందు తాటాకు పందిరి వేస్తారు కదా మీరు?"

"వెయ్యకపోతే ఎట్టా?"

"మరి ఎండ మండిపోతుందని ఆ పందిరి పీకేస్తారా?"

ఆ అమ్మాయి కుక్క మెడ దగ్గర జుట్టు పాయ తీసి చూపించింది. పైన పొడుగ్గా, గరుగ్గా ఒక వరస. కింద దూది కుక్కినట్టు మెత్తగా ఇంకో వరస.

"ఈ పైది పందిరండీ. ఎండ చర్మానికి తగలనివ్వదు. కిందది దుప్పటి. వీడికి ఉక్కబోసేది దుప్పటితోటి. అది మొత్తం దువ్వి తీసేస్తాను, గాలాడుద్ది. పందిరి మాత్రం పీకను. పీకితే తెల్లకుక్క, చర్మం ఎండకి మాడిపోద్ది. మళ్లీ సరిగ్గా మొలుస్తదని నమ్మకం కూడా లేదు. కొన్నిటికి అక్కడోటి అక్కడోటి మొలిచి, ఏళ్ల తరబడి చెదలు తిన్న బొంతలాగుంటాయి."

నేను అక్కడికక్కడే మతం మార్చేసుకున్నాను. వాచ్‌మన్, మాస్టారు, మాస్టారి తమ్ముడు అందరూ నా దృష్టిలో ఒక్క క్షణంలో ప్రజాశత్రువులైపోయారు. "అత్తయ్యగారూ, వినండి, జుట్టు మళ్లీ రాకపోతే…" అన్నాను. జుట్టు మళ్లీ రాకపోవడం గురించి మా ఇంట్లో నాకున్నంత అనుభవం ఎవరికీ లేదు.

ఆవిడ వినలేదు. పసుపుగుడ్డ అంచు వేలికి చుట్టుకుంటూ, "జుట్టు రాకపోతే పోయె బాబూ. మొక్కు తీరకపోతే అసలు వీడే…" అని ఆగిపోయారు.

కుక్క ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. తన విషయంలోనే ఇంత రగడ జరుగుతోందని తెలియని పెళ్లికొడుకులా ఉన్నాడు.

"ముందు నన్ను దువ్వనివ్వండి. తర్వాత మాట్లాడుకుందాం" అని ఆ అమ్మాయి వాణ్ని బల్లెక్కించింది. మమ్మల్ని అద్దానికి ఇవతలే కూర్చోమంది. మనం కనిపిస్తుంటే కుక్క మారాం చేస్తాడట, కత్తెర దగ్గర మారాం చేస్తే ప్రమాదమట. మేం కుర్చీలు వెనక్కి తిప్పుకుని, రైలు తప్పిపోయినవాళ్లలా గోడని చూస్తూ కూర్చున్నాం. ఐదు నిమిషాలకోసారి నేను నిలబడి ఒళ్లు విరుచుకుంటున్నట్టు నటించి లోపలికి చూసేవాణ్ని.

ముందు పెద్ద చిక్కులు విడదీసి, నూనె వదిలేదాకా మళ్లీ స్నానం, ఈసారి వాడు కిక్కురుమనలేదు. తరవాత బ్లోయరు. దాన్ని ఒక్కసారిగా పెట్టలేదా అమ్మాయి. దూరంగా ఆన్ చేసి, చప్పుడు అలవాటయ్యేదాకా ఆగి, తోక వైపు నుంచి మెల్లగా తెచ్చింది. ఆ గాలికి గదిలో మంచు కురవడం మొదలైంది. బెజవాడలో, మే నెలలో, కళ్లారా చూశాను. మిగిలిన చిక్కులు ఒక్కొక్కటీ వేళ్లతో విడదీసింది, తర్వాత పొడుగుపళ్ల దువ్వెన. దువ్వుతున్న కొద్దీ బల్ల పక్కన బొచ్చు కుప్ప పెరిగి పెరిగి రెండో కుక్కంతయింది. ఒక దశలో ఏది మావాడో తెలియక నేను కుప్పని చూసి చెయ్యి ఊపాను. గోళ్లు తీసింది. చెవులు దూదితో తుడిచింది. రెండు గంటలు పట్టింది.

అద్దం తలుపు తీసి మమ్మల్ని పిలిచింది. ఫోను మోగడంతో మా ఆవిడ ముందు గదిలోనే ఆగిపోయింది. బల్ల మీద నిలబడ్డవాణ్ని చూసి, మా కుక్కని ఇచ్చెయ్యమని అడగబోయాను. మబ్బుతునక. పైగా రొప్పడం లేదు.

"మామ్మగారూ, ఇదంతా వీడి జుట్టే" అని కుప్ప చూపించింది ఆ అమ్మాయి. "ఇది మూటగట్టుకోండి, మొక్కు తీరిపోద్ది."

అత్తగారు కుప్పని ఎగాదిగా చూశారు. "దువ్వెనకొచ్చిన జుట్టు దేవతకిస్తారటే? తల దువ్వుకుని ఉండచుట్టి గోడవతల పారేసేది. కత్తెర పడాలి."

"కత్తెర కూడా వేశానండీ. అరికాళ్లలో వేళ్ల మధ్య పెరిగింది తీశాను, గచ్చు మీద జారకుండా."

"కాలి జుట్టా?"

"ఇంకా తోక కింద కూడా, శుభ్రంగా ఉండాలని…"

"ఓసి నీ నోట్లో మన్నుబడా, తోక కిందదా! అమ్మవారికా!" అత్తగారు రెండు చెంపలూ వాయించుకున్నారు. నేను నవ్వాపుకోవడానికి బొచ్చు కుప్పలో మొహం పెట్టేశాను. ఎనిమిది తుమ్ములొచ్చాయి.

నేను తలెత్తేసరికి గదిలో నవ్వు లేదు. అత్తగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"సగం సగం మొక్కులు నావల్ల కాదమ్మాయ్" అన్నారు. "ఒకసారి చేశాను. మా అమ్మాయికి మూడో ఏట విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు కన్ను తెరవలా. నా జుట్టిస్తానని మొక్కుకున్నా. మోకాళ్లు దాటే జుట్టు నాది అప్పట్లో. జ్వరం తగ్గింది. తీరా వెళ్తే మా అత్తగారు ఒప్పుకోలా. ముత్తయిదువకి గుండేంటి, మూడు కత్తెర్లిస్తే చాలన్నారు. ఎదురు చెప్పే రోజులా అవి? ఇచ్చి వచ్చేశా. కొసలు మూడు ముక్కలు. నలభై ఐదేళ్లయింది. దానికి తలనొప్పొచ్చినా నేను అదే అనుకుంటా, పూర్తిగా ఇవ్వలేదుగా అని. కానుపప్పుడు అదే, కామెర్లప్పుడు అదే. మళ్లీ వీడి విషయంలోనూ అట్టా బతకలేను."

మా పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. ఈ ముక్క నాకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదని నాకు తెలుసు, చెప్పి ఉంటే ఈపాటికి నాకు నాలుగు వందలసార్లు చెప్పి ఉండేది.

ఆ అమ్మాయి, "అయితే మామ్మగారూ, ఆ మూడో ఏడు పాప ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడు ముందు గదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. ఫోనులో వాచ్‌మన్‌తో మాట్లాడుతోంది. "మోటారాపవయ్యా బాబూ! ట్యాంకు పొంగి మెట్ల మీద ఏరులు పారుతుంటే గేటు దగ్గర కూర్చుని నాకు చెప్తావేంటయ్యా? లేచి వెళ్లు! వెళ్లావా? ఇంకా కుర్చీ చప్పుడే వినపడలేదు నాకు!" అద్దం తలుపు సన్నగా వణికింది. బల్ల మీద కుక్క, నేనూ ఒకేసారి నిటారుగా నిలబడ్డాం.

"అదేనండీ పాప" అన్నాను.

అత్తగారు అద్దంలోంచి కూతురి వంక చూశారు. చాలాసేపు చూశారు. మా ఆవిడ చెయ్యి గాల్లో ఊపుతూ, పటమటలోంచి మా అపార్ట్‌మెంటు మోటారుని గొంతుతోనే ఆపే ప్రయత్నంలో ఉంది. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది.

"మూడు కత్తెర్లకే ఇంత గట్టిగా ఉన్నారు మేడం. మొత్తం ఇచ్చుంటే మనం తట్టుకునేవాళ్లమా మామ్మగారూ?" అంది ఉయ్యూరు అమ్మాయి.

అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని కంగారుపడి దగ్గరికెళ్లాను. నవ్వుతున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, శబ్దం రాకుండా, ఒళ్లంతా ఊగేలా నవ్వుతున్నారు.

"మూడు కత్తెర్లు వెయ్యమ్మా వీడికి" అన్నారు చివరికి, కళ్లు తుడుచుకుని.

"నేను చర్చికెళ్లే మనిషినండీ. మీ మొక్కుకి నా చెయ్యి పర్లేదా?"

"కుక్క పుట్టువెంట్రుకలకి ఒప్పుకున్న తల్లి నీ చెయ్యి దగ్గర పట్టింపులు పెడుతుందా? చెప్పులిప్పి, తూర్పుకి తిరుగు, చాలు."

కుక్కని తూర్పుకి తిప్పాం. వాడు పడమరకి తిరిగాడు. మళ్లీ తిప్పాం. మెడ చుట్టూ సింహంలా ఉన్న జుట్టు కొసల్లోంచి, పందిరికి చిల్లు పడకుండా, మూడుసార్లు కత్తెర పడింది. మూడూ అత్తగారే పసుపుగుడ్డలో పట్టుకున్నారు. మొత్తం కలిపితే నా కనుబొమ్మంత లేదు.

అక్కడి నుంచి తిన్నగా బ్యారేజీ ఎగువన ఘాటుకి వెళ్లాం. అత్తగారు మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి మూట విప్పారు. ఆ మూడు పోచలు నీళ్ల మీద కాసేపు తేలి సాగిపోయాయి. ఆవిడ దణ్ణం పెట్టుకుని, మాకు వినపడేలాగే అన్నారు: "ఇద్దరు పిల్లలూ బాగున్నారు తల్లీ."

"ఇద్దరెవరే?" అంది మా ఆవిడ మెట్ల మీంచి. ఆవిడ ఒక్కతే సంతానం.

"నువ్వూ, వీడూ."

"కుక్కతో కలిపి లెక్కేస్తావా నన్ను?"

"నీకేం తక్కువ చేశానే? ఇద్దరికీ మూడేసి కత్తెర్లు" అని అత్తగారు కుక్క తల నిమిరి, నా చెయ్యి అందుకుని మెట్లెక్కారు. ఆ మూడు కత్తెర్లేమిటో చెప్పమని మా ఆవిడ కారెక్కేదాకా వెంటపడింది. కారులో ముందు సీటు కుక్కకిచ్చి, వెనకసీట్లో కూతురి పక్కన కూర్చుని, విషజ్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టారావిడ. నేను ఇంటికి చుట్టుదారిన నడిపాను.